స్మార్ట్ పదార్థాలతో సుస్థిర మౌలిక నిర్మాణం: భిలాయ్ ఉక్కు నగరం

చుట్టూ ఉన్న ఉష్ణోగ్రత, ఒత్తిడి, విద్యుత్ క్షేత్రం, అయస్కాంత క్షేత్రం, కాంతి, తేమ వంటివాటిలో మార్పు వచ్చినప్పుడు తమ గుణాన్నో ఆకారాన్నో నిర్దిష్ట రీతిలో మార్చుకునే పదార్థాలను స్మార్ట్ పదార్థాలు అంటారు. వంతెనలు, రైలు మార్గాలు, భవనాలు ఎక్కువ కాలం మన్నేలా, తక్కువ మరమ్మతులతో, తక్కువ వనరులతో నడిచేలా చేయడానికి వీటిని వాడడం సుస్థిర మౌలిక నిర్మాణంలో ఒక శాఖ. ఈ వ్యాసం ఆ పదార్థాల చరిత్రను, రకాలను, పనితీరును వివరించి, ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్ ఉక్కు నగరాన్ని ఉదాహరణగా తీసుకుంటుంది. భారత రైల్వేకు పట్టాలు సరఫరా చేసే ప్రధాన కర్మాగారం ఉన్న ఈ నగరంలో మన్నిక గల ఉక్కు, పీజో విద్యుత్ పరికరాలతో లోప పరీక్ష, స్లాగ్ (లోహమలం) పునర్వినియోగం అనే మూడు అంశాలూ ఒకేచోట కనిపిస్తాయి.

## నిర్వచనం, పరిధి

స్మార్ట్ పదార్థానికి మూడు లక్షణాలు చెబుతారు. బయటి ప్రేరణకు అది స్పందించాలి. ఆ స్పందన ముందే లెక్కకట్టగలిగినదై ఉండాలి. ప్రేరణ మళ్లీ కలిగినప్పుడు స్పందన కూడా మళ్లీ రావాలి. కొన్ని స్వయం మరమ్మతు పదార్థాలు ఒక్కసారే స్పందిస్తాయి కాబట్టి మూడో లక్షణాన్ని అందరూ తప్పనిసరిగా భావించరు.

అధిక సామర్థ్య పదార్థాలు వేరే వర్గం. ఎక్కువ బలం, తుప్పు నిరోధం, అరుగుదల నిరోధం గల ఉక్కు మేలైనదే అయినా, పరిసరాలకు స్పందించి గుణం మార్చుకోదు. కాబట్టి టీఎంటీ కడ్డీలు, తుప్పు నిరోధక ఉక్కు, గట్టిపరచిన పట్టాలు కచ్చితమైన అర్థంలో స్మార్ట్ పదార్థాలు కావు. ఆచరణలో మాత్రం రెండు వర్గాలూ కలిసే పనిచేస్తాయి. కట్టడం భారాన్ని అధిక సామర్థ్య పదార్థం మోస్తే, దాని ఆరోగ్యాన్ని స్మార్ట్ పదార్థం గమనిస్తుంది.

## చరిత్ర

1880లో జాక్ క్యూరీ, పియరీ క్యూరీ సోదరులు క్వార్ట్జ్ వంటి స్ఫటికాలను నొక్కితే వాటి ఉపరితలంపై విద్యుదావేశం పుడుతుందని కనుగొన్నారు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో పాల్ లాంజవాన్ పీజో విద్యుత్ అనే ఈ గుణంతో నీటిలో మునిగిన వస్తువులను గుర్తించే అతిధ్వని పరికరాన్ని రూపొందించాడు. 1940లలో బేరియం టైటనేట్, 1950లలో లెడ్ జిర్కొనేట్ టైటనేట్ పింగాణీలు రావడంతో పీజో పరికరాలు పరిశ్రమల్లో విరివిగా వాడుకలోకి వచ్చాయి.

వేడిచేస్తే పాత ఆకారానికి తిరిగి వచ్చే ఆకార స్మృతి గుణాన్ని స్వీడన్ శాస్త్రవేత్త ఓలాండర్ 1932లో బంగారం–కాడ్మియం మిశ్రమంలో గమనించాడు. నికెల్–టైటానియం మిశ్రమమైన నిటినాల్ 1960ల తొలినాళ్లలో అమెరికా నౌకాదళ ఆయుధ ప్రయోగశాలలో వెలుగులోకి వచ్చింది. ఇనుము–మాంగనీస్–సిలికాన్ మిశ్రమాల్లో ఇదే గుణాన్ని 1980ల ఆరంభంలో జపాన్ పరిశోధకులు చూపారు. నిర్మాణ రంగానికి ఇవే తక్కువ ఖర్చు మార్గమయ్యాయి.

అయస్కాంత క్షేత్రంలో చిక్కబడే ద్రవాన్ని 1948లో అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థలో జేకబ్ రాబినో రూపొందించాడు. 1978లో కెనడాలో కెనెత్ హిల్ బృందం ఆప్టికల్ ఫైబర్‌లో సూక్ష్మమైన వక్రీభవన జాలకాన్ని ఏర్పరచవచ్చని కనుగొంది. 1993లో కాల్గరీ నగరంలోని బెడింగ్టన్ ట్రెయిల్ వంతెనలో ఇటువంటి ఫైబర్లను అమర్చారు. 1997లో ప్రారంభమైన హాంగ్‌కాంగ్ చింగ్ మా వంతెన శాశ్వత పర్యవేక్షణ వ్యవస్థతో నడిచిన తొలితరం పెద్ద వంతెనల్లో ఒకటి. 2006 ప్రాంతంలో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో హెంక్ యోంకర్స్ బ్యాక్టీరియాతో పగుళ్లు మూసుకునే కాంక్రీటుపై పరిశోధన మొదలుపెట్టాడు.

## ప్రధాన రకాలు

### పీజో విద్యుత్ పదార్థాలు

ఇవి యాంత్రిక ఒత్తిడిని విద్యుత్తుగా, విద్యుత్తును కంపనంగా మారుస్తాయి. అందుకే ఒకే పలక ధ్వనిని పంపనూగలదు, తిరిగివచ్చిన ప్రతిధ్వనిని విననూగలదు. పట్టాలు, వెల్డింగులు, పైపుల లోపలి పగుళ్లను గుర్తించే అతిధ్వని పరీక్షకు ఇదే ఆధారం.

### ఆకార స్మృతి మిశ్రమలోహాలు

వంచిన తరువాత వేడిచేస్తే పాత ఆకారానికి తిరిగి వచ్చే లోహాలివి. తక్కువ ఉష్ణోగ్రత వద్ద ఉండే మార్టెన్‌సైట్ అణునిర్మాణం, వేడికి ఆస్టెనైట్‌గా మారడం దీనికి కారణం. కొన్ని మిశ్రమాలు వేడి లేకుండానే, భారం తొలగగానే రబ్బరులా వెనక్కి వస్తాయి. దీన్ని అతిస్థితిస్థాపకత అంటారు. 1997 భూకంపంలో దెబ్బతిన్న ఇటలీలోని అసిసీ సెయింట్ ఫ్రాన్సిస్ బసిలికా పునరుద్ధరణలో ఇటువంటి పరికరాలను వాడారు. ఇనుము ఆధారిత మిశ్రమ పట్టీలను పాత కాంక్రీటు దూలాలకు బిగించి వేడిచేస్తే అవి కుంచించుకోబోయి దూలంలో ముందస్తు సంపీడనం కలిగిస్తాయి. హైడ్రాలిక్ జాకీల అవసరం తగ్గుతుంది.

### ఆప్టికల్ ఫైబర్ సెన్సర్లు

ఫైబర్‌లోని జాలకం ఒక నిర్దిష్ట తరంగదైర్ఘ్యం గల కాంతిని వెనక్కి పంపుతుంది. ఫైబర్ సాగినా వేడెక్కినా ఆ తరంగదైర్ఘ్యం మారుతుంది. 1,550 నానోమీటర్ల ప్రాంతంలో ఒక డిగ్రీ సెల్సియస్ మార్పుకు దాదాపు 10 పికోమీటర్ల, మీటరుకు ఒక మైక్రోమీటరు సాగుదలకు దాదాపు 1.2 పికోమీటర్ల తేడా వస్తుంది. విద్యుదయస్కాంత జోక్యం దీనిపై పనిచేయదు. అందువల్ల విద్యుదీకరించిన రైలు మార్గాలకు ఇది అనుకూలం.

### స్వయం మరమ్మతు కాంక్రీటు

నిద్రాణ స్థితిలోని బాసిలస్ బ్యాక్టీరియా బీజాలను, వాటికి ఆహారంగా కాల్షియం లాక్టేట్‌ను కాంక్రీటులో కలుపుతారు. పగులు ఏర్పడి నీరు చేరితే బ్యాక్టీరియా మేలుకొని కాల్షియం కార్బొనేట్‌ను తయారుచేసి పగులును మూస్తుంది. ప్రయోగాల్లో సుమారు 0.8 మిల్లీమీటర్ల వెడల్పు వరకు పగుళ్లు మూసుకున్నట్టు నమోదైంది. నీరు, ఆక్సిజన్ లోపలికి పోకపోవడంతో కడ్డీల తుప్పు తగ్గుతుంది.

### అయస్కాంత స్పందన ద్రవాలు

నూనెలో సూక్ష్మ ఇనుప రేణువులు తేలియాడే ద్రవాలివి. అయస్కాంత క్షేత్రం పెట్టగానే రేణువులు గొలుసులుగా నిలబడి ద్రవం మిల్లీసెకన్లలో చిక్కబడుతుంది. కంపనాలను అణచే డ్యాంపర్లలో వీటిని వాడతారు. చైనాలోని దొంగ్‌తింగ్ సరస్సు వంతెన తీగలకు 2002లో ఇటువంటి డ్యాంపర్లను అమర్చారు.

### ఉష్ణ, కాంతి స్పందన పదార్థాలు

వనేడియం డయాక్సైడ్ సుమారు 68 డిగ్రీల సెల్సియస్ వద్ద తన విద్యుత్, కాంతి గుణాలను మార్చుకుంటుంది. ఇతర మూలకాలు చేర్చి ఈ ఉష్ణోగ్రతను తగ్గించి కిటికీ పూతలుగా మలుస్తున్నారు. కరిగేటప్పుడు వేడిని దాచుకొని, గడ్డకట్టేటప్పుడు విడిచిపెట్టే స్థితి మార్పు పదార్థాలు భవనాల లోపలి ఉష్ణోగ్రతను సమంగా ఉంచుతాయి. టైటానియం డయాక్సైడ్ కలిపిన ఉపరితలాలు సూర్యకాంతిలో కొన్ని కాలుష్య వాయువులను విచ్ఛిన్నం చేస్తాయి.

## పనిచేసే విధానం

స్మార్ట్ నిర్మాణ వ్యవస్థలో నాలుగు అంచెలు ఉంటాయి. సెన్సర్ కొలత తీసుకుంటుంది. సమాచార సేకరణ పరికరం దాన్ని నమోదు చేస్తుంది. విశ్లేషణ ఆ కొలతను కట్టడం సాధారణ ప్రవర్తనతో పోల్చి తేడాను గుర్తిస్తుంది. చివరిగా మనిషో యంత్రమో చర్య తీసుకుంటారు.

ఈ చర్యను బట్టి వ్యవస్థలను నిష్క్రియ, అర్ధక్రియాశీల, క్రియాశీల అని విభజిస్తారు. అతిస్థితిస్థాపక కడ్డీ నిష్క్రియ వ్యవస్థ. దానికి బయటి విద్యుత్తు అక్కర్లేదు. అయస్కాంత ద్రవ డ్యాంపర్ అర్ధక్రియాశీలమైనది. తక్కువ విద్యుత్తుతో తన బిగుతును మార్చుకుంటుంది. మోటార్లు, హైడ్రాలిక్ యంత్రాలతో ఎదురు బలం ప్రయోగించేది క్రియాశీల వ్యవస్థ.

## సుస్థిరతతో సంబంధం

ప్రపంచ కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాల్లో సిమెంటు, ఉక్కు పరిశ్రమలు ఒక్కొక్కటి సుమారు 7 శాతం వాటా కలిగి ఉన్నాయి. కట్టడం ఆయుర్దాయం పెరిగితే, మళ్లీ కట్టే అవసరం తగ్గి ఈ ఉద్గారాల్లో కొంత మిగులుతుంది. పర్యవేక్షణ వల్ల గడువు ప్రకారం మరమ్మతు చేసే పద్ధతి నుంచి, అవసరాన్ని బట్టి మరమ్మతు చేసే పద్ధతికి మారవచ్చు. మూడో మార్గం ఉప ఉత్పత్తుల పునర్వినియోగం. ఇది స్మార్ట్ పదార్థాల పరిధిలోకి రాకపోయినా సుస్థిర నిర్మాణంలో దీని వాటా పెద్దది.

## భిలాయ్: నేపథ్యం

దుర్గ్ జిల్లాలోని భిలాయ్‌లో సమగ్ర ఉక్కు కర్మాగారం నిర్మాణానికి భారత్, సోవియట్ యూనియన్ 1955 ఫిబ్రవరి 2న ఒప్పందం చేసుకున్నాయి. పది లక్షల టన్నుల తొలి సామర్థ్యంతో రూపొందిన కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. సామర్థ్యం 1967లో 25 లక్షల టన్నులకు, 1988లో 40 లక్షల టన్నులకు పెరిగింది. 1973లో ఏర్పడిన స్టీల్ అథారిటీ ఆఫ్ ఇండియా లిమిటెడ్ (సెయిల్) ఆధ్వర్యంలో కర్మాగారం నడుస్తోంది. ఆధునికీకరించి విస్తరించిన కర్మాగారాన్ని ప్రధానమంత్రి నరేంద్ర మోదీ 2018 జూన్ 14న జాతికి అంకితం చేశారు. ఇందులో భాగమైన 8వ నంబరు బ్లాస్ట్ ఫర్నేస్ ‘మహామాయ’ ఘనపరిమాణం 4,060 ఘనమీటర్లు.

ఇనుప ఖనిజం ప్రధానంగా దల్లీ–రాజహరా గనుల నుంచి, సున్నపురాయి నందినీ గని నుంచి వస్తాయి. సెక్టార్లుగా విభజించిన కర్మాగార టౌన్‌షిప్‌లో దేశం నలుమూలల నుంచి వచ్చిన కార్మిక కుటుంబాలు స్థిరపడ్డాయి. వాటిలో తెలుగువారి సంఖ్య గణనీయం.

## భిలాయ్: పట్టాల తయారీ

ఇక్కడి రైల్ అండ్ స్ట్రక్చరల్ మిల్లు 1960లో పని ప్రారంభించింది. తరువాత నెలకొల్పిన యూనివర్సల్ రైల్ మిల్లు 130 మీటర్ల పొడవైన పట్టాను ఏకఖండంగా తయారుచేస్తుంది. ఇటువంటి రెండింటిని వెల్డింగ్ చేసి 260 మీటర్ల ప్యానెళ్లుగా రైల్వేకు పంపుతారు.

పొడవు పెరగడంలోని ప్రయోజనం అతుకుల లెక్కలో తెలుస్తుంది. 260 మీటర్ల ప్యానెల్‌ను 13 మీటర్ల ముక్కలతో చేస్తే 19 అతుకులు, 26 మీటర్ల ముక్కలతో 9, 65 మీటర్ల ముక్కలతో 3 పడతాయి. 130 మీటర్ల పట్టాలతో ఒక్కటే అతుకు. పట్టాల వైఫల్యాల్లో వెల్డింగ్ అతుకుల వద్ద జరిగేవి ముఖ్యమైనవి కాబట్టి అతుకులు తగ్గితే తనిఖీ భారం, మరమ్మతులు కూడా తగ్గుతాయి.

పట్టాల గ్రేడ్లలో ఆర్-260, ఆర్-350 హెచ్‌టీ ముఖ్యమైనవి. గ్రేడ్‌లోని సంఖ్య పట్టా తల భాగం కనీస బ్రినెల్ కాఠిన్యాన్ని సూచిస్తుంది. భిలాయ్ ఆర్-260 పట్టాలను వనేడియం మిశ్రమంతో తయారుచేస్తోంది. ఆర్-350 హెచ్‌టీలో తల భాగాన్ని వేగంగా చల్లార్చి పెర్లైట్ పొరలను సన్నబరుస్తారు. దీనివల్ల మలుపుల్లో, బరువైన సరకు రైళ్ల మార్గాల్లో అరుగుదల తక్కువ. కరిగిన ఉక్కును శూన్యంలో ఉంచి హైడ్రోజన్‌ను తొలగించడం మరో కీలక దశ. మిగిలిపోయిన హైడ్రోజన్ పట్టా లోపల వెంట్రుకవాసి పగుళ్లకు కారణమవుతుంది.

## భిలాయ్: పట్టాల పరీక్ష, పర్యవేక్షణ

పట్టాల విషయంలో స్మార్ట్ పదార్థాలు నేరుగా పనిచేసే దశ లోప పరీక్ష. మిల్లులో పట్టా కదులుతుండగా పీజో ప్రోబులు అతిధ్వని తరంగాలను లోపలికి పంపుతాయి. ఉపరితల లోపాలను ఎడ్డీ కరెంట్ పరికరాలు పసిగడతాయి. ఉక్కులో అనుదైర్ఘ్య ధ్వని వేగం సెకనుకు సుమారు 5,900 మీటర్లు. 4 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యం వద్ద తరంగదైర్ఘ్యం దాదాపు 1.5 మిల్లీమీటర్లు. గుర్తించగల లోపం పరిమాణం ఈ తరంగదైర్ఘ్యంపై ఆధారపడుతుంది.

పట్టాలను మార్గంలో వేశాక రైల్వే సిబ్బంది అతిధ్వని ట్రాలీలతో క్రమబద్ధంగా పరీక్షిస్తారు. దీనికి లక్నోలోని రైల్వే పరిశోధన సంస్థ ఆర్‌డీఎస్‌ఓ నియమావళి ఆధారం. నిలువు ప్రోబు అడ్డంగా సాగిన పగుళ్లను, 70 డిగ్రీల వాలు ప్రోబులు పట్టా తలలో నిలువుగా పెరిగే పగుళ్లను వెతుకుతాయి.

ఉష్ణోగ్రత పర్యవేక్షణ ఇంకొక రంగం. స్వేచ్ఛగా ఉన్న 130 మీటర్ల పట్టా 40 డిగ్రీల సెల్సియస్ తేడాకు దాదాపు 6 సెంటీమీటర్లు సాగుతుంది. మార్గంలో బిగించిన పొడవైన వెల్డింగ్ పట్టా సాగలేదు కాబట్టి, ఆ మార్పు లోపలి ఒత్తిడిగా మారుతుంది. ఎండలో పట్టా వంకరపోవడం, చలిలో విరగడం దీని ఫలితాలు. ఆప్టికల్ ఫైబర్ సెన్సర్లతో ఉష్ణోగ్రతను, సాగుదలను మార్గం పొడవునా నిరంతరం కొలవవచ్చు.

## భిలాయ్: నిర్మాణ ఉక్కు

కర్మాగారంలో టీఎంటీ కడ్డీలు, నిర్మాణ దూలాలు, 3,600 మిల్లీమీటర్ల ప్లేట్ మిల్లులో మందపాటి ప్లేట్లు తయారవుతాయి. వేడి కడ్డీపై నీటిని వేగంగా చిమ్మడంతో బయట గట్టి మార్టెన్‌సైట్ వలయం, లోపల సాగే గుణం గల గర్భం ఏర్పడడం టీఎంటీ ప్రక్రియ. భూకంప ప్రాంతాలకు బలంతోపాటు సాగే గుణం ఎక్కువ ఉన్న కడ్డీలు, తీరప్రాంతాలకు రాగి, క్రోమియం కలిసిన తుప్పు నిరోధక కడ్డీలు అవసరం.

స్వదేశీ విమాన వాహక నౌక ఐఎన్‌ఎస్ విక్రాంత్‌కు సెయిల్ సరఫరా చేసిన సుమారు 30,000 టన్నుల డీఎంఆర్ గ్రేడ్ ప్రత్యేక ఉక్కు భిలాయ్, బొకారో, రవుర్కెలా కర్మాగారాల నుంచి వెళ్లింది. నౌక 2022 సెప్టెంబర్ 2న సేవలో చేరింది. జమ్మూకశ్మీర్‌లోని చీనాబ్ రైలు వంతెనకు సెయిల్ కర్మాగారాల నుంచి సుమారు 16,000 టన్నుల ఉక్కు అందింది. 1,315 మీటర్ల పొడవు, నదిపై 359 మీటర్ల ఎత్తు గల ఈ వంతెన 2025 జూన్ 6న ప్రారంభమైంది.

## భిలాయ్: స్లాగ్, ఫ్లైయాష్ వినియోగం

బ్లాస్ట్ ఫర్నేస్‌లో ఖనిజపు మలినాలు సున్నపురాయితో కలిసి స్లాగ్‌గా తేలుతాయి. కరిగిన స్లాగ్‌పై నీటిని వేగంగా చిమ్మితే గాజు నిర్మాణం గల రేణువులు వస్తాయి. సిమెంటులోని సున్నం, నీరు తగిలినప్పుడు ఈ రేణువులు గట్టిపడే గుణం చూపుతాయి. నెమ్మదిగా చల్లార్చితే స్ఫటిక నిర్మాణం ఏర్పడి ఆ గుణం పోతుంది. అటువంటి స్లాగ్‌ను కంకరగా వాడతారు.

దగ్గర్లోని జాముల్ సిమెంటు కర్మాగారాన్ని ఏసీసీ 1965లో ప్రారంభించింది. 2007లో సెయిల్, జైప్రకాశ్ అసోసియేట్స్ కలిసి భిలాయ్ జేపీ సిమెంట్ సంస్థను నెలకొల్పాయి. దీని క్లింకర్ యూనిట్ మధ్యప్రదేశ్‌లోని సత్నాలో, స్లాగ్‌తో కలిపి రుబ్బే యూనిట్ భిలాయ్‌లో ఉన్నాయి. సున్నపురాయిని కాల్చి క్లింకర్ చేసేటప్పుడే కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది కాబట్టి, క్లింకర్ స్థానంలో స్లాగ్ చేరిన మేరకు ఆ ఉద్గారం తగ్గుతుంది.

ఎన్‌టీపీసీ, సెయిల్ ఉమ్మడి సంస్థ ఎన్‌ఎస్‌పీసీఎల్ భిలాయ్‌లో 500 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం నడుపుతోంది. బొగ్గు కేంద్రాల ఫ్లైయాష్‌ను సిమెంటు, ఇటుకలు, రోడ్డు కట్టల నిర్మాణంలో వాడతారు.

ఉక్కు తయారీ దశలోని స్టీల్ స్లాగ్ వేరు. ఇందులోని స్వేచ్ఛా సున్నం తేమకు ఉబ్బుతుంది కాబట్టి వాడేముందు దాన్ని ఆరుబయట ఉంచి, నీటితో పక్వం చేయాలి. గుజరాత్‌లోని సూరత్ దగ్గర హజీరాలో 2022లో కేంద్ర రోడ్డు పరిశోధన సంస్థ సాంకేతికతతో ఇటువంటి స్లాగ్ కంకర వాడి ఆరు వరసల రోడ్డు వేశారు.

## విద్య, పరిశోధన

సెయిల్ పరిశోధన విభాగం ఆర్‌డీసీఐఎస్ రాంచీలో ఉంది. కొత్త ఉక్కు గ్రేడ్ల రూపకల్పనలో అది కర్మాగారాలతో కలిసి పనిచేస్తుంది. 2016లో ఏర్పడిన ఐఐటీ భిలాయ్ మొదట రాయపూర్‌లో తాత్కాలికంగా నడిచింది. దుర్గ్ జిల్లా కుటేలాభాటాలోని శాశ్వత ప్రాంగణాన్ని 2024 ఫిబ్రవరి 20న జాతికి అంకితం చేశారు. చెన్నైలోని కేంద్ర నిర్మాణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ కట్టడాల ఆరోగ్య పర్యవేక్షణపై పనిచేస్తోంది.

## ప్రమాణాలు

కాంక్రీటులో వాడే కడ్డీలకు ఐఎస్ 1786, పోర్ట్‌లాండ్ స్లాగ్ సిమెంటుకు ఐఎస్ 455, ఫ్లైయాష్ సిమెంటుకు ఐఎస్ 1489 మొదటి భాగం, కంకరకు ఐఎస్ 383 వర్తిస్తాయి. స్లాగ్ సిమెంటులో 25 నుంచి 70 శాతం వరకు స్లాగ్ ఉండవచ్చు. ఐఎస్ 383 ప్రమాణపు 2016 సవరణ ఇనుము, ఉక్కు స్లాగ్ కంకర వాడకానికి పరిమితులతో చోటిచ్చింది.

కేంద్ర ఉక్కు మంత్రిత్వ శాఖ 2024 డిసెంబర్‌లో హరిత ఉక్కు వర్గీకరణను ప్రకటించింది. టన్ను పూర్తయిన ఉక్కుకు 2.2 టన్నుల కన్నా తక్కువ కార్బన్ డయాక్సైడ్ సమాన ఉద్గారాలు ఉంటేనే హరిత ఉక్కుగా గుర్తిస్తారు. 2.0 నుంచి 2.2 వరకు మూడు, 1.6 నుంచి 2.0 వరకు నాలుగు, 1.6 కన్నా తక్కువైతే అయిదు నక్షత్రాల రేటింగ్ ఇస్తారు.

## పరిమితులు, భిన్నాభిప్రాయాలు

నికెల్–టైటానియం మిశ్రమాల ధర సాధారణ ఉక్కుకు అనేక రెట్లు. అందుకే వాటిని మొత్తం దూలానికి కాక, భూకంపంలో ఎక్కువగా వంగే కీలక భాగాలకే పరిమితం చేస్తారు. ప్రధాన పీజో పింగాణీల్లో సీసం ఉండడం పర్యావరణ సమస్య. సీసం లేని ప్రత్యామ్నాయాలపై పరిశోధన జరుగుతోంది. కట్టడం వందేళ్లు నిలిచేలా కట్టినా, అందులోని సెన్సర్లు, ఎలక్ట్రానిక్ పరికరాలు అంతకాలం పనిచేయవు. వాటిని మార్చే వీలు ముందే ఉండాలి. బ్యాక్టీరియా కాంక్రీటులో సహజ వాతావరణపు దీర్ఘకాల ఫలితాలు ప్రయోగశాల ఫలితాలంత విస్తృతంగా లేవు.

స్లాగ్ సిమెంటు తొలి రోజుల్లో నెమ్మదిగా బలం పుంజుకుంటుంది. ఎక్కువ రోజుల క్యూరింగ్ అవసరం. బ్లాస్ట్ ఫర్నేస్ మార్గం బొగ్గుపై ఆధారపడినంత కాలం మన్నిక వల్ల కలిగే లాభం తయారీ ఉద్గారాలను పూర్తిగా పూడ్చదన్న వాదన ఉంది. కట్టడం పూర్తి జీవితకాలాన్ని లెక్కించాలనీ, ఒకసారి చేసిన ఉక్కును మళ్లీ మళ్లీ కరిగించి వాడవచ్చు కాబట్టి దీర్ఘకాలంలో భారం తగ్గుతుందనీ మరో వాదన. హైడ్రోజన్‌తో ఇనుము తయారీకి దారి దొరికితే బ్లాస్ట్ ఫర్నేస్‌లు, వాటితోపాటు సిమెంటుకు అందే స్లాగ్ కూడా తగ్గుతాయి. ఈ పరస్పర ఆధారం రెండు పరిశ్రమల ప్రణాళికల్లోనూ చర్చనీయాంశం.

## ప్రాముఖ్యం

భిలాయ్ ఉదాహరణలో స్మార్ట్ పదార్థాల వాటా టన్నుల్లో స్వల్పం. పీజో ప్రోబు, ఫైబర్ తీగ బరువు గ్రాముల్లోనే ఉంటుంది. అయితే లక్షల టన్నుల పట్టాలను ఎంతకాలం సురక్షితంగా వాడవచ్చో నిర్ణయించే సమాచారం వాటి నుంచే వస్తుంది. భారం మోసే ఉక్కు, లోపాన్ని పసిగట్టే పరికరం, స్లాగ్‌ను సిమెంటుగా మార్చే పరిశ్రమ ఈ మూడింటి కలయికగా మౌలిక నిర్మాణ సుస్థిరతను అధ్యయనం చేయడానికి ఈ నగరం అనువైనది.

## ఇవి కూడా చూడండి

అతిధ్వని పరీక్ష; ఆకార స్మృతి మిశ్రమలోహాలు; ఐఐటీ భిలాయ్; కట్టడాల ఆరోగ్య పర్యవేక్షణ; టీఎంటీ కడ్డీలు; దల్లీ–రాజహరా గనులు; పోర్ట్‌లాండ్ స్లాగ్ సిమెంటు; భారత రైల్వే; విశాఖపట్నం ఉక్కు కర్మాగారం; హరిత ఉక్కు